ప్రపంచాన్ని భయపెట్టిన గుండిగ

ఆ రోజుల్లో నా ఉద్యోగం జనాన్ని భయపెట్టడం. ఇలా అంటే నేనేదో బడిలో క్రమశిక్షణ టీచరుగా పనిచేశానని అనుకుంటారేమో, కాదు. క్లాంగ్ అనే మా రేవు ఊళ్ళో, లిటిల్ ఇండియా వీధిలో, ఒక అరిటాకు భోజనాల హోటల్ పైన, రెండో అంతస్తులో, వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ఉండేది. అందులో శబ్దాల విభాగానికి నేను అధిపతిని. (ఆ విభాగంలో ఉన్నది నేనొక్కదాన్నే. అధిపతి అన్న మాట కూడా నేనే పెట్టుకున్నాను.) ఇరవై మూడేళ్ళ వయసు. తలుపు కిర్రుమన్నా, మెట్ల మీద ఎవరో నడిచినా, గోడలోంచి ఎవరో మూలిగినా అంతా నా చేతి చలవే. బెండకాయ విరిస్తే వేలు విరిగినట్టు వినిపిస్తుందనీ, ముల్లంగి విరిస్తే మోచెయ్యి విరిగినట్టు ఉంటుందనీ కనిపెట్టి, ఆ సంగతి భోజనాల దగ్గర ఇంట్లో చెప్పి, మా అమ్మ చేత ఒక వారం పాటు ముల్లంగి సాంబారు మాన్పించిన ఘనత నాది. మా నాన్న పోర్ట్ క్లాంగ్‌లో ఓడ సరుకులు పంపే ఒక ఫార్వార్డింగ్ ఆఫీసులో పనిచేసేవాడు. అక్కడ నాకోసం ఒక కుర్చీ కూడా మాట్లాడి ఉంచాడు. నేను ఆ కుర్చీ వద్దని దెయ్యాల వైపు వెళ్ళాననేది ఆయన బాధ. "ఆటలు సేసినందుకు జీతమిత్తారేటి? ఎవుల్నడిగినా నవ్వుతారు లా," అనేవాడు. (ఆ 'లా'కి అర్థం లేదు, మా దేశంలో ఏ భాష మాట్లాడినా వాక్యం చివర వచ్చి కూర్చుంటుంది.) నేను ఆయన వైపు జాలిగా చూసేదాన్ని. కళ అంటే ఏమిటో తెలియనివాళ్ళ వైపు ఇరవై మూడేళ్ళవాళ్ళు చూసే చూపు ఒకటుంటుంది కదా, అది.

మా యజమానిని అందరం తౌకే అనేవాళ్ళం. మా దేశంలో దుకాణం ఏదైనా దాని యజమాని తౌకేనే కాబట్టి అది పేరూ కాదు, బిరుదూ కాదు. నలభై ఏళ్ళ చైనీయుడు, మంచివాడు, దెయ్యాలంటే చచ్చేంత భయం. తను అమ్మే ఆటని తను ఆడాలంటే లైట్లన్నీ వేయించి, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకునేవాడు. ఆఫీసులో ఇంకో ఇద్దరుండేవారు, ఒకరు బొమ్మలు గీసేవారు, ఒకరు ప్రోగ్రాం రాసేవారు. ఈ కథలో జరిగిన పాపంలో వాళ్ళకి వాటా లేదు కనుక వాళ్ళని వదిలేస్తున్నాను. అప్పుడు మేం చేస్తున్న ఆట ఒక పామాయిలు తోటలో పాడుబడిన మేనేజరు బంగళా గురించి. మేనేజరు కనబడకుండా పోతాడు, ఆడేవాడు గదులన్నీ వెతుక్కుంటూ వెళతాడు, చివర ఒక తాళం వేసిన గది ఉంటుంది, దాని తలుపుకి చెవి ఆనిస్తే లోపల్నుంచి ఒక ఆడ గొంతు వినిపిస్తుంది. ఏమంటోందో ఎవరికీ అర్థం కాకూడదు. అదే ఆటకి ప్రాణం.

"మలయ్‌లో పెడితే అందరికీ అర్థమవుతుంది," అన్నాడు తౌకే తల పట్టుకుని. "చైనీస్ అయితే మా అమ్మకి అర్థమవుతుంది. తమిళం పెడితే కింద హోటల్లో ఇడ్లీ తింటున్నవాడికి కూడా అర్థమవుతుంది లా. ఎవరికీ తెలియని భాష కావాలి. ఎక్కడ దొరుకుతుంది?"

అప్పుడు నేను, వీపు నిటారుగా పెట్టి, నా జీవితంలో అంత గర్వంగా ఎప్పుడూ చెప్పనంత గర్వంగా అన్నాను: "తౌకే, మా ఇంట్లో ఒకటుంది."

తెలుగుని ఎన్నో రకాలుగా పొగిడినవాళ్ళున్నారు. ఎవరికీ తెలియని భాష అని ఒక దెయ్యానికి సిఫారసు చేసిన మొదటి మనిషిని బహుశా నేనే. నా తప్పు కొంత, పరిస్థితుల తప్పు కొంత. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఈ మలయ్ దేశానికి రబ్బరు తోటల్లో పనికి వచ్చారు. తాతల నాటికి తోటంతా తెలుగు. నాన్న నాటికి వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. నా నాటికి ఇంట్లో అన్నీ కలిపి కొట్టిన కిచిడీ, అచ్చ తెలుగు మాత్రం నాయనమ్మ దగ్గరే. ఆవిడ చెప్పింది నాకు ముప్పాతిక అర్థమయ్యేది, నేను తిరిగి చెప్పేది ఆవిడకి పావు అర్థమయ్యేది. (ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే ఆ తర్వాత ఆదివారాలు కూర్చుని అక్షరాలు దిద్దుకున్నందువల్లే. అప్పటికి నాకు 'అ'కీ 'ఆ'కీ తేడా తెలియదు.)

మా నాయనమ్మ బటాంగ్ బెర్జుంటైలో ఉంటుంది. ఊరికి ఇప్పుడు బోర్డుల మీద వేరే పేరుంది, కానీ ఆవిడ ఆ బోర్డుల్ని లెక్కచెయ్యదు. ఒక ఆదివారం పొద్దున్న రికార్డరు, మైకు సంచీలో వేసుకుని వెళ్ళాను. ఆవిడ ముందు మైకు పెట్టి, దెయ్యం కథ ఒకటి చెప్పమన్నాను. ఆవిడ చీర సర్దుకుని, గొంతు సవరించుకుని, ప్రధానమంత్రిలా కూర్చుంది.

"దెయ్యాలేటే గుంటా? తెల్లారకముందే బాల్చీలట్టుకుని రబ్బరు పాలు తియ్యడానికి ఎల్లిపోయీవోలం. వొర్సం, జెలగలు, పాములు. ఆటి మద్దిన మా ఎనకాల తిరగడానికి దెయ్యాలకి తీరికేటి?"

"ఒక్కటైనా చూడలేదా నాయనమ్మా?"

"కిరానీని సూసినాను. సాలదేటి?"

కిరానీ అంటే తోటలో కూలీల హాజరు వేసే గుమాస్తా. దెయ్యం కథ అంతటితో అయిపోయింది. నేను నీరుగారిపోయి, రికార్డరు ఆపడం మరిచిపోయి, టీ తాగుతూ కూర్చున్నాను. ఆవిడ పెరట్లోకి వెళ్ళి ఎండు చేపలు తిరగేస్తూ, తనలో తాను మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. తనలో తాను అంటే, పక్కింటివాళ్ళకి బాగా వినబడేంత. ఎండు చేపలు పులుసు పెట్టాలి, పులుసుకి పెద్ద గిన్నె కావాలి, పెద్ద గిన్నె అనగానే ఆవిడకి గుండిగ గుర్తొచ్చింది. ఇక ఆగలేదు.

గుండిగ అంటే ఇత్తడిది, పొట్ట లావుగా ఉండే వంట పాత్ర. మా ముత్తవ్వ ఓడలో తెచ్చిందని మావాళ్ళు చెబుతారు. (ఓడలో వచ్చాయని మా కుటుంబంలో చెప్పుకునే వస్తువులన్నీ నిజంగా ఓడలోనే వచ్చి ఉంటే, ఆ ఓడ బంగాళాఖాతం దాటేది కాదు, మునిగిపోయేది.) మా తాత పోయినప్పుడు పెద్దకర్మ నాడు మిగిలిన పులిహోర అందులో పెట్టి క్లాంగ్‌లో ఉన్న మా అత్త, అంటే నాయనమ్మ కూతురు, తీసుకెళ్ళింది. నెల తర్వాత గుండిగ ఏదని నాయనమ్మ అడిగింది. తెస్తానంది అత్త. నాయనమ్మ నలుగురి ముందూ, "తీసుకెల్లిన సామాను మా ఇంటికి తిరిగి రాదు లెండి," అంది. అత్త, "మాయమ్మ నన్ను దొంగనంటాదా," అంది. అంతే. మర్యాదగా అడిగితే ఇస్తానని కూతురు, ఇస్తే మర్యాదగా మాట్లాడతానని తల్లి. మూడేళ్ళు గడిచాయి. ఇద్దరికీ చెరో ఫోను ఉంది. ఇద్దరికీ మధ్య కారులో గంట ప్రయాణం. మా నాన్న మధ్యలో పడి రాజీ చెయ్యబోయి, ఇద్దరి చేతా తిట్లు తిని, మర్నాటి నుంచి ఆ గుండిగ పేరు ఎత్తనని ప్రమాణం చేసుకున్నాడు.

ఆఫీసుకి వచ్చి విన్నాక నా ఒళ్ళు పులకరించింది. పెరటి రొదలో, చేపల చాట చప్పుడు మధ్య, ఆవిడ గొంతు స్పష్టంగా పడింది: "చిన్నమ్మీ... నా గుండిగ నాకియ్యవేటే... ఎన్నాళ్ళుంచుకుంటావే... నాను సచ్చినాక ఇత్తావేటే..." చిన్నమ్మి అంటే మా అత్తకి నాయనమ్మ పెట్టుకున్న ముద్దు పేరు. ఆ పేరుతో ఇంకెవరూ పిలవరు. నేను వేగం సగానికి తగ్గించి, గొంతు లావు చేసి, బావిలోంచి వస్తున్నట్టు ప్రతిధ్వని కలిపాను. తౌకే ఒకసారి విని హెడ్‌ఫోను తీసేసి, లేచి వెళ్ళి కిటికీ తెరిచాడు.

"ఏమంటోంది ఈవిడ?"

"పాత మంత్రంలాంటిది తౌకే," అన్నాను. ఆ ముఖం చూశాక గిన్నె గురించి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాయనమ్మని అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆవిడకి వీడియో గేమ్ అంటే ఏమిటో ఎలా చెప్పను, అంత తెలుగు నా దగ్గర ఎక్కడిది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చాలా సౌకర్యమైన అజ్ఞానం అది.

ఆట బయటికి వచ్చింది. పెద్దగా అమ్ముడుపోలేదు గానీ, కొన్నవాళ్ళు మాత్రం పిచ్చెక్కిపోయారు. తాళం వేసిన గదిలో గొంతు ఏమంటోందన్నది ఇంటర్నెట్‌లో ఒక పెద్ద మిస్టరీ అయి కూర్చుంది. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో చర్చలు పెట్టారు. చిన్నమ్మి అనేది చనిపోయిన పిల్ల పేరని అందరూ ఒప్పుకున్నారు. గుండిగ దగ్గర మాత్రం రెండు పార్టీలయ్యారు. గుండిగ అడవిలో ఉండే భూతమని ఒక పార్టీ, కాదు, భూతాన్ని పిలిచే మాట అని రెండో పార్టీ. ఒకాయన ముప్పావు గంట వీడియో చేసి, తోట కూలీలు ప్రతి అమావాస్యకీ గుండిగకి బలి ఇచ్చేవారని తేల్చేశాడు. ఇంకొకామె గుండిగ బొమ్మ గీసింది. కొమ్ములు, పొడుగాటి గోళ్ళు, మూడు నోళ్ళు. (అసలు గుండిగకి ఒకటే నోరు. అదీ వెడల్పుగా, గరిటె తిరగడానికి వీలుగా ఉంటుంది.) ఆ బొమ్మని టీషర్టు మీద వేయించుకున్న ఫొటో కూడా వచ్చింది. మధ్యలో ఎవరో శ్రీకాకుళం కుర్రాడు, "అయ్యా, ఇది మా వైపు తెలుగు. ఎవరో పెద్దావిడ తన ఇత్తడి గిన్నె తిరిగివ్వమని అడుగుతోంది. పాపం, ఇచ్చెయ్యండి," అని రాశాడు. వందమంది అతని మీద విరుచుకుపడ్డారు. స్థానిక జానపద విశ్వాసాల్ని ఎగతాళి చేస్తున్నాడన్నారు. గంభీరమైన పరిశోధన పాడుచేస్తున్నాడన్నారు. చివరికి అతన్ని అక్కణ్ణుంచి వెళ్ళగొట్టారు. ప్రపంచంలో నిజం చెప్పినవాడు ఒక్కడే, అతన్ని సమర్థించగలిగినదాన్ని నేనొక్కదాన్నే. నేనేం చేశానంటారా? మూడు నోళ్ళ బొమ్మకి లైకు కొట్టాను.

ఒక శనివారం పొద్దున్న పదకొండున్నరకి ఇంట్లో ఫోను మోగింది. నాన్న ఎత్తాడు. అవతల అత్త. మూడేళ్ళలో గుండిగ విషయం మీద తప్ప ఫోను చెయ్యని అత్త ఏడుస్తోంది.

"అన్నా, అమ్మ ఎలాగున్నాది? నిజం సెప్పు."

"బానే ఉన్నాది. ఏటయినాది?"

"అమ్మ వచ్చినాది అన్నా. మా ఇంటికొచ్చినాది. నన్ను పిలిచినాది."

నాన్న వెంటనే నాయనమ్మకి ఫోను చేశాడు. ఎత్తలేదు. ఎత్తకపోవడం వింత కాదు. చెడిపోతుందని ఆవిడ ఫోనుని చేతిరుమాల్లో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూత బిగిస్తుంది. అది మోగిన సంగతి ఫోనుకి తప్ప ఎవరికీ తెలియదు. కానీ ఆ రోజు ఆ సంగతి ఎవరికీ గుర్తురాలేదు. నాన్న ముఖం పాలిపోయింది. నన్నూ లాక్కుని కారెక్కి, అత్త ఇంటి ముందు ఆపాడు. అత్త గేటు దగ్గరే నిలబడి ఉంది, ఒక కాలికి ఒక చెప్పు, రెండో కాలికి ఇంకో చెప్పు. వెనకాల మావయ్య, రెండు చేతులతో గుండిగని ఎత్తి పట్టుకుని.

మావయ్యవాళ్ళది తమిళం కలిసిన కుటుంబం. ముప్పయ్యేళ్ళు రేవు నుంచి కంటైనరు లారీ తోలి రిటైరై, ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాడు. ముందు సీట్లో నాన్న పక్కన అత్త, వెనక సీట్లో నేనూ, మావయ్యా, మా మధ్య గుండిగ. కుదుపుకి పడకుండా మావయ్య దానికి సీటు బెల్టు పెట్టాడు. కారు క్లాంగ్ దాటాక అత్త కళ్ళు తుడుచుకుంటూ జరిగింది చెప్పింది.

"కిచెన్లో సాంబారు పెడతన్నాను. ఈయన బయట కొట్టుకెల్లినాడు. ఇంట్లో ఎవులూ నేరు. హాల్లోంచి పిలిచినట్టయినాది. చిన్నమ్మీ, అని. ఆ పేరు అమ్మ తప్ప ఎవులు పిలుత్తారన్నా? హాల్లోకొచ్చి సూసినాను. ఎవులూ నేరు. టీవీ నల్లగున్నాది. మళ్ళీ వచ్చినాది గొంతు. నా గుండిగ నాకియ్యవేటే, అన్నాది. గొంతు అమ్మదే గానీ నూతిలోంచి వచ్చినట్టుగున్నాది. నాను సచ్చినాక ఇత్తావేటే, అన్నాది." అని ఆగి, వెక్కుతూ, "సచ్చిపోయినాక వచ్చినాది అన్నా. సచ్చిపోయి వచ్చి అడిగినాది," అంది.

నాన్న స్టీరింగు గట్టిగా పట్టుకుని కారు వేగం పెంచాడు. అత్త విన్నది నా ఆటలోని గొంతే. మాటలు వరసగా, ఒక్కటి కూడా తప్పకుండా వచ్చేశాయి. ప్రపంచమంతా మూడు నోళ్ళు గీసుకున్న ఆ మాటల్ని అసలైన మనిషి విన్నది. నేను మెల్లగా పక్కకి తిరిగి, "మావయ్యా, టీవీ..." అన్నాను. మావయ్య కిటికీలోంచి పామాయిలు చెట్లని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. ముప్పయ్యేళ్ళు ఆ చెట్ల మధ్యే లారీ తోలినవాడు, వాటిని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

చెప్పేస్తే అత్త ఏడుపు ఆగుతుంది. కారు కూడా ఆగుతుంది. ఆగి, వెనక్కి తిరుగుతుంది, గుండిగతో సహా. ఇలాంటి సూక్ష్మమైన ఆలోచన నేను ఆ క్షణంలో చేశానని ఇప్పుడు చెప్పుకోవాలని ఉంది గానీ, నిజం అది కాదు. నాకు భయమేసింది. దెయ్యాల కంటే అత్త అంటే ఎక్కువ భయం. అందుకని నోరు మూసుకున్నాను.

నాయనమ్మ ఇంటి ముందు కారు ఆగేసరికి ఆవిడ వాకిట్లో పీట మీద కూర్చుని వంకాయలు తరుగుతోంది. సజీవంగా, కొంచెం చిరాగ్గా. కారు దిగిన అత్త ఆవిణ్ణి చూసి గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మావయ్య గుండిగకి బెల్టు విప్పి తెచ్చి అత్త చేతుల్లో పెట్టాడు. దాన్ని కడుపుకి హత్తుకుని అత్త వాకిట్లోకి వచ్చింది.

నాయనమ్మ ముందు కూతుర్ని చూసింది, తర్వాత గుండిగని చూసింది. గుండిగని అందుకుని, తిప్పి, అడుగు చూసింది.

"మాడబెట్టినావు."

"అమ్మా..."

"సింతపండెట్టి తోమలేదేటే? ఇత్తడికి సబ్బెడతారేటి?"

అప్పుడు అత్త కూలబడి ఏడ్చింది. అది చనిపోయిన తల్లి కోసం కాదు, బతికున్న తల్లి కోసం ఏడ్చిన ఏడుపు. చాలా కోపంగా ఉంది. "నాయన పోయినాక మా ఇంటికొచ్చీయమని ఎన్నిసార్లు అడిగినాను? గది సేసినాను, ఫ్యాను ఏయించినాను. రానన్నావు. గుండిగ మాత్రం కావాలన్నావు. నాను కావొద్దు, గుండిగ కావాలి. అందుకే ఇయ్యలేదు. దానికోసమైనా వత్తావని సూసినాను. మూడేళ్ళు సూసినాను."

నాన్న తన చెప్పుల వైపు చూసుకున్నాడు. మూడేళ్ళుగా మేమంతా అది ఇత్తడి గురించిన గొడవే అనుకున్నాం. నాయనమ్మ కత్తిపీట పక్కన పెట్టి, చేతులు చీరకి తుడుచుకుని అంది: "ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదే. గిన్నె దాసుకుంటే నాకెలా తెలుస్తాది?" తర్వాత గుండిగని దగ్గరికి లాక్కుని, "లెగు, కూకో. వంకాయ కూర వండతన్నాను. ఇందులోనే వండతాను," అంది. పాతికమందికి వండగలిగేంత పెద్ద గుండిగలో అయిదుగురికి వంకాయ కూర వండింది. అడుగంటింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత నాయనమ్మ క్లాంగ్‌కి మకాం మార్చేసిందని, అంతా సుఖంగా ఉన్నారని రాస్తే మీకు నచ్చుతుంది. మార్చలేదు. కానీ నెలకి పది రోజులు అత్త ఇంట్లో ఆ ఫ్యాను కింద ఉండటం మొదలుపెట్టింది. మిగిలిన ఇరవై రోజులు ఇద్దరూ ఫోన్లో పోట్లాడుకునేవారు. ఫోను బిస్కెట్ల డబ్బాలోంచి బయటికి వచ్చింది. ఇక అత్త గుడి వంటశాలలో ఈ కథ చెప్పడం మొదలుపెట్టింది. తల్లి బతికుండగానే ఆవిడ ప్రాణం కూతురి దగ్గరికి వచ్చి పిలిచిందని. వెంటనే ఆ వంటశాలలో ఉన్నవాళ్ళందరికీ తమ తమ ఇళ్ళలో జరిగిన అంతుపట్టని సంఘటనలు గుర్తొచ్చాయి. ఒకామెకి పోయిన భర్త దగ్గు వినిపించిందట. ఒకామె ఇంట్లో మిక్సీ దానంతటదే తిరిగిందట. (అదే వారంలో మా వీధిలో వైర్లు మార్చారు. ఆ సంగతి అక్కడ అప్రస్తుతం.)

ఇదంతా నేను ఆఫీసులో చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. తౌకే కళ్ళు మెరిశాయి. "నిజ జీవితంలో జరిగిన సంఘటన! ఆటలోని గొంతు ఒక కుటుంబాన్ని వెంటాడింది! పేజీ మీద వేద్దాం లా. మీ అత్త వీడియోలో రెండు ముక్కలు చెబుతుందా?" అన్నాడు. అత్త చెప్పే ఆ రెండు ముక్కలేమిటో నాకు తెలుసు, అవి ఎవరి గురించో కూడా తెలుసు. సోమవారం చెబుతానని తప్పించుకుని, ముందు మావయ్యని వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన ఇంటి ముందు కుర్చీలో కూర్చుని కాఫీ చల్లార్చుకుంటున్నాడు. నేను నోరు తెరవకముందే ఆయనే మొదలుపెట్టాడు.

"నీ గేము కొన్నాను. మన పిల్ల చేసింది కదా అని. మొదట్లోనే నీ పేరు వస్తుంది లా, చూశాను. ఆ రోజు టీవీలో ఆడుతూ, గేములో మనిషిని ఆ తాళం గది తలుపు దగ్గర నిలబెట్టి కొట్టుకెళ్ళాను, ఆఫ్ చెయ్యడం మరిచిపోయాను. గది చీకటి, టీవీ నల్లగానే ఉంటుంది. గొంతు మాత్రం వస్తూనే ఉంటుంది. తిరిగొచ్చేసరికి మీ అత్త వీధిలో ఉంది."

"మీకు ముందే తెలుసా? గుండిగ అన్న మాట అర్థమైందా?"

"నాకు తెలుగు తక్కువే. కానీ మూడేళ్ళుగా మా ఇంట్లో రోజూ వినబడేది ఆ ఒక్క మాటే కదమ్మా. అర్థం కాకుండా ఎలా ఉంటుంది?"

"మరి కారులో ఎందుకు చెప్పలేదు?"

ఆయన నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "నాన్ ఎదుక్కు సొల్లణుం? నేనెందుకు చెప్పాలి? మూడేళ్ళ తర్వాత ఆవిడ అమ్మ ఇంటికి వెళుతోంది. నేను మధ్యలో టీవీ టీవీ అంటే బండి తిరిగిపోదా?" కారులో నేను చెయ్యని సూక్ష్మమైన ఆలోచన ఆయన చేశాడన్నమాట.

మిగిలింది నాయనమ్మ. ఆదివారం వెళ్ళి, ఆవిడ పక్కన నేల మీద కూర్చుని, నాకొచ్చిన తెలుగులో మొత్తం చెప్పాను. మైకు, ఆట, తాళం వేసిన గది, భూతం. మాటలు రాని చోట చేతులు ఊపాను. తిడుతుందని, నన్ను ఇక రావద్దంటుందని, ముసలిదాన్ని దెయ్యాన్ని చేశావా అని ఏడుస్తుందని, అన్నిటికీ సిద్ధపడి, హెడ్‌ఫోను ఆవిడ చెవులకి పెట్టి, ఆ గొంతు వినిపించాను. ఆవిడ కళ్ళు మూసుకుని శ్రద్ధగా వింది.

"ఇది నాను కాదే."

"నువ్వే నాయనమ్మా. నేనే గొంతు మార్చాను."

"జెలుబు సేసినట్టున్నాది. బాగున్న గొంతుని ఇలాగెందుకు సేసినావు?" మళ్ళీ వింది. "దీన్ని పరాయి దేసపోలు ఇంటన్నారేటి?"

"చాలామంది. గుండిగ అంటే భూతం అనుకుంటున్నారు. బొమ్మలు కూడా గీశారు." ఫోనులో మూడు నోళ్ళ బొమ్మ చూపించాను.

ఆవిడ ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, పళ్ళు లేని నోటితో నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నేను కూడా నవ్వాలో వద్దో తెలియక కూర్చున్నాను. నవ్వు ఆగాక అన్నాను, అత్తకి చెప్పేస్తాను, తిట్టినా పడతాను అని. ఆవిడ నవ్వు ముఖం ఒక్కసారిగా గట్టిపడింది.

"సెప్పకు. మనిసినడిగితే ఇయ్యలేదు, దెయ్యమడిగితే ఇచ్చినాది. దెయ్యమనే ఉండనీ. ఇప్పుడు టీవీ అని తెలిస్తే సిగ్గుతో మళ్ళీ రావడం మానేత్తాది. దాని సంగతి నాకు తెల్దేటి? అది నా కూతురు." చెప్పి, హెడ్‌ఫోను నా చేతిలో పెట్టి, "నా సంగతీ అంతేలే," అంది మెల్లగా.

సోమవారం తౌకేకి కుదరదని చెప్పాను. ఆయన రెండు రోజులు అలిగాడు. మూడో రోజుకి ఆయన మనసు పిల్లుల కాఫీ హోటల్ గురించిన కొత్త ఆట మీదికి మళ్ళింది. (పిల్లులకి నేనే గొంతు ఇచ్చాను. దాని గురించి ఎవరూ పరిశోధన చెయ్యలేదు.) ఏడాదిలోపే కంపెనీ మూతపడింది. ఇప్పుడు ఆ ఆట ఎక్కడా అమ్మడం లేదు. అయినా ఇంటర్నెట్‌లో ఏదో మూల గుండిగ మీద చర్చ ఇంకా నడుస్తూనే ఉందనీ, శ్రీకాకుళం కుర్రాణ్ణి ఎవరూ వెనక్కి పిలవలేదనీ నాకు తెలుసు. నేను పోర్ట్ క్లాంగ్‌లో సరుకు కాగితాలు చూసే ఉద్యోగానికి కుదురుకున్నాను. ఆ మొదటి రోజు నాన్న ఈల వేసుకుంటూ స్నానం చేశాడు.

ఆఫీసులో టీ తాగేటప్పుడు అప్పుడప్పుడు అంతుపట్టని సంఘటనల ప్రసక్తి వస్తుంది. ఖాళీ గోదాములో ఏడుపు, గేటు దగ్గర తెల్ల చీర, అలాంటివి. నువ్వు నమ్ముతావా అని నన్నడుగుతారు. దెయ్యాల సంగతి నాకు వదిలెయ్యండి, ఒక దాన్ని నా చేతులతో నేనే చేశాను, ఎలా పనిచేస్తుందో విప్పి చూపించగలను అంటాను. నాకు అంతుపట్టనిది ఒక్కటే. రోజూ ఒకరినొకరు తలుచుకునే ఇద్దరు మనుషులు, చేతిలో ఫోను పెట్టుకుని, గంట దూరంలో ఉండి, మూడేళ్ళు నోరు మెదపకుండా ఎలా ఉండగలిగారు? దానికి ఏ పరిశోధకుడూ వీడియో చెయ్యలేదు.

అన్నట్టు, మా తమ్ముడూ నేనూ మాట్లాడుకుని పది నెలలు దాటింది. కారణం అడక్కండి, చెబితే నవ్వుతారు. వాడు పక్క ఊరు షా ఆలంలోనే ఉంటాడు, ట్రాఫిక్ లేకపోతే ఇరవై నిమిషాలు. తప్పు వాడిది కనుక ముందు వాడే ఫోను చెయ్యాలని నేను చూస్తున్నాను. నిన్న మధ్యాహ్నం వాడి పేరు తెరిచి, చాలాసేపు దాని వైపు చూసి, మూసేశాను. వాడు కూడా అదే పని చేస్తూ ఉంటాడని నా అనుమానం.